విప్పి వేసిన కుట్టు

సాంచాల మధ్య బతికేవాళ్ళకు చెవులు పనిచేయవని సిరిసిల్లకు వచ్చిన చుట్టాలు ఎగతాళి చేస్తుంటారు. చుట్టాలకేం తెలుసు! ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒకేసారి దడదడలాడుతున్నా, అందులో ఒకదాని చప్పుడు రవ్వంత మారితే నీల వంటింట్లోంచే పట్టేస్తుంది. "ఒరేయ్, మూడోది సరిగ్గ లేదు, చూడు" అని కేకేస్తుంది. కొడుకు మధుకర్ వెళ్ళి చూస్తే నిజంగానే ఏదో పోగు తెగి ఉంటుంది.

ఆ బుధవారం పొద్దున ఆమె మూడో సాంచా వెనక పీట వేసుకుని బీము అతుకుతోంది. పడుగు చుట్టిన పాత బీము మీది నూలు అయిపోవస్తే ఉన్నదంతా లాగి పారేయరు. మగ్గంలో ఉన్న పాత పోగులను అలాగే ఉంచి, కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలేసి అతుకుతారు. వేల పోగులు! ఒక్కటి జారినా గుడ్డ పొడవునా గీత పడుతుంది. నలభై ఏళ్ళుగా అదే పని చేసి చేసి నీల బొటనవేలు, చూపుడువేలు అరిగి నున్నబడ్డాయి. "నీలవ్వ అతికితే ఇగ చూసుకునేదే లేదు" అని వాడలో పేరు. భర్త నారాయణకు ఆ పేరంటే లోలోపల మహా గర్వం. పైకి మాత్రం "ఏం పెద్ద పనే, పోగుకు పోగే గదా" అని గొణుగుతాడు.

నారాయణ ఆ రోజు ఇంట్లో లేడు. కోరుట్లలో ఉన్న కూతురు పద్మజ ఇంటికి, మనవరాలు ప్రీతి పుట్టినరోజుకని రెండు రోజుల కిందట వెళ్ళాడు. ఫోను మోగితే, చేతులు ఖాళీ లేని తల్లి చెవి దగ్గర మధుకర్ దాన్ని పెట్టి పట్టుకున్నాడు.

"అవ్వా, బుగులు పడకు" అంది పద్మజ. అలా మొదలుపెట్టిన మాటకు ఎవరికైనా భయం పుట్టకుండా ఉంటుందా? "బాపుకు పొద్దటి సంది నడుము గుంజుతుందట. కడుపుల ఏదో కొట్టుకున్నట్టు అయితుందంటుండు. జగిత్యాలకు తోలుకపోయి స్కాన్ తీపిస్తున్న. పాత సంగతి ఉంది గదా, ఊకె ఉండుడెందుకని."

నీల వేళ్ళ మధ్య పోగు జారిపోయింది. అది జారినట్టు కూడా ఆమెకు తెలియలేదు.

"అన్నను తీసుకొని నువ్వు గూడ జగిత్యాలకు రా" అని పద్మజ ఫోను పెట్టేసింది.

పాత సంగతి అంటే మూడేళ్ళ కిందటిది. నారాయణ కడుపులో గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం బుడగలాగా ఉబ్బింది. పగిలితే మనిషి దక్కడన్నారు. హైదరాబాదులో కడుపు కోయకుండానే, గజ్జల్లో రెండు చిన్న గాట్లు పెట్టి, తీగల మీదుగా గుడ్డ తొడిగిన ఒక స్ప్రింగు గొట్టాన్ని ఆ నాళం లోపలికి పంపించి అమర్చారు. ఐదో రోజుకు మనిషి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. వాడంతా చూడటానికి వచ్చింది. కడుపు మీద గాటు వెతికి, దొరక్క, కొంచెం నిరాశపడి పోయిన వాళ్ళు కూడా ఉన్నారు.

వచ్చేటప్పుడు డాక్టర్లు ఒక మాట గట్టిగా చెప్పారు. ఏటేటా స్కాన్ తీయించాలి. గొట్టం జరగొచ్చు, పక్కల నుంచి రక్తం కారొచ్చు, ఉబ్బు మళ్ళీ పెరగొచ్చు, నొప్పి మాత్రం ఉండదు.

మొదటి ఏడు తీయించారు. బాగుందన్నారు. కానీ ఆ స్కానుకు ముందు పది రోజులు నారాయణ మనిషి మనిషిగా లేడు. ముద్ద ముట్టడు, షెడ్డులోకి పోడు, మంచం మీద కూర్చుని అరచెయ్యి కడుపు మీద పెట్టుకుని ఏదో వింటున్నట్టు ఉండేవాడు. అది చూసి నీల ప్రాణం కొట్టుకుపోయింది. మరుసటేడు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినప్పుడు ఆయన స్నానానికి పోయి ఉన్నాడు. "అయింది సార్, గీడనే కరీంనగర్ల తీపిచ్చినం. అంత మంచిగనే ఉందన్నరు" అని నీల చెప్పేసింది. ఎందుకు చెప్పిందో ఆ క్షణానికి ఆమెకూ తెలియదు. తరవాత తనకు తానే సర్దిచెప్పుకుంది. నడుస్తున్న సాంచాను ముట్టొద్దని సిరిసిల్లలో పసిపిల్లాడికి కూడా తెలుసు. బాగా నడిచేదాన్ని విప్పి చూస్తే బాగున్నది కాస్తా చెడుతుంది. మనిషి కూడా అంతే కదా! భర్తతో మాత్రం "ఇగ స్కాన్ అవసరం లేదన్నరు" అంది. నారాయణ సరేనన్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆ రెండు ముద్దలు చూసుకుని నీల మురిసిపోయింది.

మూడో ఏడు ఫోనొచ్చినప్పుడు అబద్ధం ఇంకా సులువుగా వచ్చింది.

నీల, మధుకర్ జగిత్యాల చేరేసరికి స్కానింగు సెంటరు బయట బెంచీ మీద నారాయణ చేతిలో కొబ్బరిబోండంతో కూర్చుని ఉన్నాడు. పద్మజకు, ఆమె భర్తకు కోరుట్లలో మందుల దుకాణం ఉంది. రిపోర్టులో మాటలు కొంతవరకు చదవగలదు. చదివేకొద్దీ ఆమె మొహంలో రక్తం లేకుండా పోయింది. ఆరు సెంటీమీటర్లున్న ఉబ్బు ఎనిమిదిన్నర అయింది. లోపలి గొట్టం కింది కొస ఊడి జరిగిపోయింది. ఉబ్బులోకి రక్తం కారుతోంది. ఇప్పుడే హైదరాబాదుకు అంబులెన్సులో పొమ్మన్నాడు అక్కడి డాక్టరు.

పద్మజ పక్కకు పోయి హైదరాబాదుకు ఫోన్ చేసింది. తిరిగొచ్చేటప్పటికి మనిషి నిప్పులు కక్కుతోంది.

"రెండేండ్ల సంది స్కాన్లు తీపిచ్చినం, మంచిగుంది అని చెప్పిండ్రట మనింట్లకెల్లి! ఎవలు చెప్పిండ్రు బాపూ? ఎక్కడ తీపిచ్చినవ్? ఏవీ కాయితాలు?"

నీల తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

నారాయణ ఒక్కసారి భార్య మొహంలోకి చూశాడు. తరవాత కొబ్బరిబోండం కింద పెట్టి, "నేనే చెప్పిన" అన్నాడు.

"నువ్వా!" మధుకర్ గొంతు లేచింది. "గింత మొండితనమా బాపూ? అవ్వను గూడ మోసం చేసినవా? అవ్వ నీ వెనక బీములు అతుక్కుంట, నీకు పథ్యం వండుకుంట సచ్చిపోతుంటే!"

"తప్పయింది రా" అన్నాడు నారాయణ, తలొంచుకుని.

"తప్పయిందంటే అయిపోతదా?" పద్మజ ఏడుస్తూనే కసిరింది. "పోయినేడు తెలిస్తే చిన్న పనితోని పొయ్యేదట. ఇప్పుడు కడుపంత కోయాల్నట!"

"కోసేదేం లేదు. ఒకసారి పెట్టిండ్రు, మళ్ళ పీకుతరట. నడిచినన్ని రోజులు నడుస్తది. నన్ను ఇంటికి తోలుకపోండ్రి."

ఆయన మీద పడుతున్న ప్రతి మాటా తన మీద పడాల్సిందేనని నీలకు తెలుసు. అయినా నోరు విప్పలేకపోయింది. అంబులెన్సులో హైదరాబాదు దాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది.

మరుసటి రోజు పొద్దున వార్డులోకి డాక్టర్ శ్రీలత వచ్చింది. రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరంటే ఎలా ఉంటుందని ఊహించుకున్నారో గాని, బక్కపలచని నలభై ఏళ్ళ మనిషిని చూసి నారాయణ కుటుంబం కొంచెం తెల్లబోయింది. ఆమె కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుంది.

"ఏ ఊరు మీది?"

"సిరిసిల్ల, మేడం" అన్నాడు మధుకర్.

"నాది పెగడపల్లి, జగిత్యాల దిక్కు. మా బాపు ఎవుసం చేస్తడు." అంతవరకు ఆసుపత్రి తెలుగు కోసం బిగబట్టుకుని ఉన్న నలుగురూ ఒక్కసారి ఊపిరి వదిలారు. "చూడండి తాతా, దాపరికం లేకుంట చెప్త. మళ్ళ తీగల దారిల సరిచేద్దామని చూసినం. లోపల గొట్టం వంకర తిరిగింది, ఏం పెట్టినా నిలవది. కడుపు కోసే చెయ్యాలె. పెద్ద ఆపరేషనే. పదిమందికి చేస్తే ఒకలు మనకు దక్కకపోవచ్చు. చెయ్యకుంటే ఇయ్యాలో రేపో పగులుతది. పగిలితే నేను గూడ ఏం చెయ్యలేను."

నారాయణ పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. "పాతది పీకుతరా?" అన్నాడు చివరికి.

"మొత్తం పీకను. పై ముక్కకు కొక్కేలు ఉంటయి. అవి మీ నరంల దిగి గట్టిగ పట్టుకున్నయి. లాగితే నరం చిరుగుతది. అందుకే ఆ పై ముక్కను గట్లనే ఉంచి, చెడిపోయిన కింది భాగం తీసేసి, మిగిలినదానికే కొత్త గుడ్డ గొట్టం కుడత."

"బీము అతికినట్టు" అంది నీల. నిన్నటి నుంచి ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మధుకర్ చెప్పాడు. పాత పోగు తీయకుండా కొత్త పోగు అతికే సంగతి, తల్లికి వాడలో ఉన్న పేరు, అన్నీ చెప్పాడు. డాక్టర్ శ్రీలత శ్రద్ధగా విన్నది. తరవాత బయటికి పోయి, చూపించడానికి ఉంచుకున్న ఒక గుడ్డ గొట్టం, సూది దారం తెచ్చి నీల చేతిలో పెట్టింది.

నీల దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. గోటితో గీకింది. రెండు వేళ్ళ మధ్య నలిపింది. "ఇది పాలిస్టరే గదా!"

"పాలిస్టరే, అమ్మా."

మంచం మీద నారాయణ నవ్వు ఆపుకోలేకపోయాడు. "బతుకంత పాలిస్టర్ నేసిన. ఇగ కడుపుల గూడ గదేనా?"

"అతుకు ఎట్లేస్తరు? నాకు చూపిస్తరా, బిడ్డా?" అని అడిగింది నీల. పద్మజ సిగ్గుతో తల్లి కొంగు లాగింది. పెద్ద డాక్టరును పరీక్ష పెట్టడమేమిటి! డాక్టరమ్మ మాత్రం వాచీ చూసుకుని, అద్దాలు సర్దుకుని, గొట్టాన్ని రెండు ముక్కలుగా కత్తిరించి కుట్టడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు కదులుతుంటే మధుకర్ నోరు తెరిచి చూశాడు. గుండ్రంగా, దగ్గర దగ్గరగా, ఒక్కో కుట్టూ ఒకే దూరంలో పడుతోంది. చూస్తుండగానే రెండు ముక్కలూ ఒకటైపోయాయి.

నీల ఆ అతుకు మీద బొటనవేలు ఆనించి మెల్లగా చుట్టూ తిప్పింది. ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇగో, ఈడ ఒక కుట్టు ఎడం పోయింది."

పద్మజ భూమి చీలితే బాగుండును అనుకుంది. డాక్టర్ శ్రీలత గొట్టాన్ని తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. "నిజమే" అంది. ఇది చూపించడానికే కదా అనలేదు. పని మీదున్నానని అనలేదు. అక్కడిదాకా దారం విప్పింది. ఓపిగ్గా మళ్ళీ కుట్టింది. కుట్టి, "ఇప్పుడు చూడండి అమ్మా" అని నీల చేతిలోనే పెట్టింది.

నీల చూడలేదు. చూడాల్సింది ఆమెకు కనపడింది. ఇంత చదువు చదివి, ఇంతమంది ప్రాణాలు చేత్తో పట్టుకున్న మనిషి, నలుగురి ముందు, ఒక నేత ముసలమ్మ ఎత్తిచూపిన తప్పును ఒప్పుకుని విప్పింది. తను చేసిన తప్పును తను రెండేళ్ళుగా కొంగు కింద దాచుకుంది. దాన్ని కట్టుకున్నవాడు మోస్తున్నాడు. పిల్లల చేత మాటలు పడుతున్నాడు.

"బిడ్డా" అంది పద్మజ వైపు తిరిగి. "ఫోనుల చెప్పింది మీ బాపు కాదు. నేను. రెండుసార్లు గూడ నేనే. ఆయన స్కానని పది దినాలు తినకుంట కూసుంటుంటే చూడలేకపోయిన. నడిచేదాన్ని ముట్టుడెందుకు అనుకున్న. మీ బాపు నా తప్పు మీదేసుకున్నడు. మీరిద్దరు ఆయన్ను తిడుతుంటే నేను నోరు మూసుకొని నిలబడ్డ."

పద్మజ చేతులతో మొహం కప్పుకుంది. మధుకర్ కిటికీ వైపు తిరిగిపోయాడు. నిన్న బాపును అన్న ప్రతి మాటా ఇద్దరికీ తిరిగి వచ్చి తగిలింది.

నీల మంచం దగ్గరికి వెళ్ళింది. "ఏమయ్యా, ఎందుకట్ల చెప్పినవ్?"

"మరేం చెప్పాల్నే?" అన్నాడు నారాయణ మెల్లగా. "దవఖానోళ్ళు అవసరం లేదన్నరని నువ్వు చెప్తే నేను నమ్మిన్నా? గంత పిచ్చోన్నా? గా స్కాన్ తారీఖుల కాయితం షెడ్డుల గోడకు నేనే అంటిచ్చిన. రోజు చూసిన. నువ్వు వద్దన్నవ్ గదా అని నా పానం నిమ్మలమైంది. బుగులు నాది. అబద్ధం నువ్వు ఆడినవ్. అంతే తేడా."

నీల ఆయన ఛాతీ మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తున్నా కడుపు మీద బరువు పడకుండా మోచెయ్యి ఎత్తిపట్టుకుని ఏడ్చింది. డాక్టర్ శ్రీలత లేచి వెళ్ళబోతే నారాయణ చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు బిడ్డా. ఏమే నీలా, ఏడుపు తర్వాత. నువ్వు చూసినవ్ గదా, అతుకు ఎట్లుంది?"

నీల కళ్ళు తుడుచుకుంది. ఒకసారి తను చెప్పిన మాట ఈ మనిషిని ఇంతదాకా తెచ్చింది. ఇప్పుడు మళ్ళీ తన మాట మీదే ఆయన బతుకు. పదిమందిలో ఒకరన్నది డాక్టరమ్మ. ఆ ఒకరు ఈయనైతే? గొట్టాన్ని మళ్ళీ తీసుకుని, విప్పి వేసిన కుట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. రెండు చేతులతో లాగింది. అది కదలలేదు.

"నాకు గూడ బుగులైతుంది" అంది. "అబద్ధం చెప్ప. కాని చెయ్యి మంచిది. తప్పువడ్డకాడ ఆగి విప్పే చెయ్యి. నేనైతే నా బీము ఈమె చేతిల పెడత."

"అయితే కోయుండ్రి" అన్నాడు నారాయణ.

పద్మజ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "తిట్టిన బాపూ నిన్ను" అంది. "తిట్టు పోనియ్యే. ప్రీతి పుట్టినరోజు కేకు ఇంక ఫ్రిజ్జుల ఉందా?" అన్నాడాయన.

ఆపరేషను ఏడు గంటలు పట్టింది. నాళాన్ని పైన బిగించి రక్తం ఆపితే, కుట్టడానికి ఉండే సమయం నిమిషాల లెక్కనే ఉంటుందని, ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయని నర్సు చెప్పింది. వినకుండా ఉంటే బాగుండేదనిపించింది నీలకు. బయట బెంచీ మీద కూర్చుని ఆమె దేవుణ్ణి తలుచుకుంది. ఆమెకు తెలియకుండానే వేళ్ళు కొంగు అంచులో పోగులు మెలేస్తూ ఉన్నాయి. మధ్యాహ్నం దాటింది. పిల్లలు తెచ్చిన అన్నం పొట్లం అలాగే ఉంది.

తలుపు తెరుచుకుని డాక్టర్ శ్రీలత వచ్చింది. మొహం వాడిపోయింది, కళ్ళ కింద అద్దాల గుర్తులు పడ్డాయి. నిలబడి చెప్పకుండా, వచ్చి నీల పక్కనే బెంచీ మీద కూలబడింది.

"అతుకు నిలబడ్డదమ్మా. ఒక్కదగ్గర నా మనసు ఒప్పలేదు. విప్పి మళ్ళ వేసిన."

నీల ఆ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. తను చేతులు కడుక్కోలేదని అరగంట తరవాత గుర్తొచ్చి సిగ్గుపడింది. ఆ డాక్టరమ్మ మాత్రం ఆ క్షణంలో చేతులు వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున లోపలికి ఒక్కరినే పంపారు. నారాయణ నోట్లో ఇంకా గొట్టం ఉంది, మాట లేదు. కళ్ళు తెరిచి ఉన్నాయి. నీలను చూసి, పరుపు మీద కుడి చెయ్యి కొంచెం లేపి, బొటనవేలు చూపుడువేలు కలిపి మెలిపెట్టినట్టు కదిలించాడు. నలభై ఏళ్ళుగా "పోగుకు పోగే గదా" అని కొట్టిపారేసిన పని అది. అతుకు ఎలా ఉందని అడుగుతున్నాడు. నీల కూడా రెండు వేళ్ళు కలిపి మెలేసి, గట్టిగా లాగి చూపించింది. ఆయన కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి. నీల కొంగుతో తుడిచింది.

ఆరు నెలలు గడిచాయి. నారాయణ కడుపు మీద రొమ్ము దగ్గర నుంచి కిందిదాకా గాటు ఉంది. మూడేళ్ళ కిందట నిరాశపడి పోయిన వాడవాళ్ళకు ఈసారి ఆ లోటు లేకుండా అందరికీ చొక్కా ఎత్తి చూపించాడు. "నా ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు కుట్టు నేర్పింది నీలనే" అని కోతలు కోస్తుంటే, నీల "నోరు మూసుకో" అని కసురుతుంది. కసిరేటప్పుడు నవ్వు దాచుకోలేదు.

ఒక పొద్దున సాంచాలు నాలుగూ నడుస్తున్నాయి. ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి.

"నారాయణ గారి స్కాన్ తేదీ వచ్చిందండీ. అక్కడే ఎక్కడైనా చేయించారా?"

అదే ప్రశ్న. నీల షెడ్డు వైపు చూసింది. తలుపులోంచి నారాయణ వీపు కనపడుతోంది. మనిషి వారం నుంచి సరిగ్గా తినడం లేదు.

"లేదు బిడ్డా, ఇంక తీపియ్యలే" అంది. "ఆయనకు బుగులు. నాకు అంతకన్న బుగులు. అయినా రేపు పొద్దుగాల్ల బయలెల్లి వస్తున్నం. పొయినేండ్లు స్కాన్ అయిందని నీకు చెప్పిన గొంతు నాదే. గది గూడ రాసుకో."

అవతలి అమ్మాయి "సరే అమ్మా" అంది.

వెనక షెడ్డులో మూడో సాంచా ఆగింది. దాంట్లో ఏ పోగూ తెగలేదని నీల చెవికి తెలుసు. ఎవరో కావాలనే ఆపారు. తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ నారాయణ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే నీలా, రేపు ఎన్నింటి బస్సు?"